దోర్నకల్ తండ్రిగారు

పశ్చిమ గోదావరిలో ఎవరు ఏ చర్చికి వెళ్తారో తెలియాలంటే బైబిలు తిరగేయనక్కర్లేదు. వాళ్ళ ముత్తాత ఊరికి ఏ దేశపు దొర వచ్చాడో కనుక్కుంటే చాలు. అత్తిలి, తాడేపల్లిగూడెం, భీమవరం పక్క లూథరన్ల బలం ఎక్కువ. అక్కడ అమెరికా దొరలు తిరిగారు. నర్సాపురం, పాలకొల్లు దిక్కున బ్రదరెన్ సహవాసాలు. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు సామాన్యులు భార్యలతో సహా వచ్చి ఆ డెల్టాలో కాపురం పెట్టారు. ఏలూరు చేరి, కొల్లేటి అంచున కైకలూరు మీదుగా బందరు దాకా సాగితే ఎక్కువగా సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, బోర్డులు కనిపిస్తాయి. వాటి వేరు ఇంగ్లండు రాజుగారి చర్చిలో, అంటే ఆంగ్లికన్ చర్చిలో ఉంది.

మిషన్లు ఒకరి పొలంలోకి ఒకరు దిగకుండా జిల్లాలనూ తాలూకాలనూ పంపకాలు వేసుకున్నాయి. ఆ పంపకంలో మనవాళ్ళ మాట ఎవరూ అడగలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళే, ఒకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని పాడేవాళ్ళే. కానీ పెళ్ళి చీటీ ఏ అయ్యగారు రాయాలన్న దగ్గర మాత్రం అమెరికా, ఇంగ్లండు అడ్డమొస్తాయి.

ఈ సరిహద్దులు చెరిగిపోవాలని బతుకంతా పెనుగులాడిన మనిషి ఆ దొరల వైపు నుంచి రాలేదు. తెలుగునాట పుట్టనూ లేదు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకుని, మన పల్లెల్లో 'తండ్రిగారు' అనిపించుకున్న తమిళుడాయన. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. బెజవాడలో ఆయన పేరు పెట్టిన బాలికల హైస్కూలు ఉంది, దాని ముందు నుంచి రోజూ వెళ్ళేవాళ్ళలో ఆ పేరు ఎవరిదో చెప్పగలిగేవాళ్ళు తక్కువ. క్రైస్తవుల ఇళ్ళలో సైతం ఇప్పటి పిల్లలకు టీవీ ప్రసంగీకుల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు.

తాటితోపుల ఊరి నుంచి

1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గురువు. కులం నాడార్. తాటిచెట్టు మీద బతికిన కులం, గుడి మెట్లెక్కనివ్వని కులం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత మన మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో ఆయన కింద కూర్చుని మాట్లాడినప్పుడు అది దొరల జాలి కాదు. అవమానం ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1889లోనే తండ్రి పోయారు. తల్లి ఎలెన్ పెంపకం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. చివరి పరీక్షల ముందు జబ్బు పడి రాయలేకపోయారు, మళ్ళీ రాయనూ లేదు. పట్టా లేని ఈ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1895లో వైఎంసీఏలో చేరి ఊరూరా తిరిగే కార్యదర్శి అయ్యారు. ఆ తిరుగుళ్ళలోనే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడితో స్నేహం కుదిరింది. తెల్లవాడూ నల్లవాడూ ఒకే గదిలో ఉండి, ఒకే బల్ల దగ్గర తిని, వాదించుకుని, కలిసి ప్రార్థన చేసుకునే స్నేహం. అది ఆ రోజుల్లో ఎంత అరుదో ఆయనకు పోనుపోను అర్థమైంది. 1898లో అంబు మరియమ్మాళ్‌తో పెళ్ళి. దక్షిణాదిలో కాలేజీ గడప తొక్కిన తొలి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాత దోర్నకల్లో స్త్రీల సంఘాలను, మదర్స్ యూనియన్‌ను ఆమే నిలబెట్టారు.

1902లో జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మనుషులను సువార్త పనికి పంపుతున్నారు. అంతకంటే ఎన్నోరెట్లు ఎక్కువ మంది ఉన్న తిరునల్వేలి సంఘానికి ఆ ఆలోచనే లేదు. ఆ సిగ్గుతో తిరిగివచ్చి 1903 ఫిబ్రవరి 12న ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించారు. షరతు ఒక్కటే: మనుషులు మనవాళ్ళు, డబ్బు మనది, పెత్తనమూ మనదే. 1905 క్రిస్మస్ నాడు మిషనరీ విలియం కేరీ పని చేసిన సేరంపూరులో క్రైస్తవ నాయకుడు కె.టి.పాల్ లాంటి వాళ్ళతో కలిసి దేశమంతటికీ చెందిన నేషనల్ మిషనరీ సొసైటీకి పునాది వేశారు. అది బెంగాల్ విభజన జరిగిన ఏడాది, స్వదేశీ నినాదం ఊపందుకున్న కాలం. విదేశీ గుడ్డ వద్దన్నవాళ్ళను చరిత్ర పుస్తకాలు గుర్తు పెట్టుకున్నాయి. విదేశీ చందా వద్దన్న వీళ్ళకు అందులో చోటు దొరకలేదు.

ఆ తిరునల్వేలి సొసైటీ పంపిన మనుషులు ఎక్కడికి వచ్చారు? తమిళం ఒక్క ముక్క వినపడని నిజాం రాజ్యపు మానుకోట, దోర్నకల్ ప్రాంతానికి. సికింద్రాబాద్ నుంచి బెజవాడ పోయే రైలుదారిలో, ఇల్లందు బొగ్గు గనులకు లైను చీలే జంక్షన్ దోర్నకల్. బొగ్గు లేకపోతే అది రాళ్ళూ తుప్పలూ ఉన్న మామూలు పల్లె. వేరేవాళ్ళను అక్కడికి పొమ్మని చెప్పి తాను మద్రాసులో కూర్చోవడం అజరయ్యకు మనసొప్పలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది తానే దోర్నకల్ వచ్చారు. పాటలూ కీర్తనలూ నేర్చుకున్నారు, మన జనం ఎలా తిట్టుకుంటారో, ఎలా బతిమాలుకుంటారో విన్నారు.

ఎడిన్‌బరోలో ఒక సాయంత్రం

1910 జూన్. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు 1,200 మంది ప్రతినిధులు. ప్రపంచమంతా క్రైస్తవం పరవడం ఎలాగని చర్చ, కానీ ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. జూన్ 20 సాయంత్రం దోర్నకల్ గురువు లేచి మాట్లాడారు. విషయం: విదేశీ పనివాళ్ళకూ స్వదేశీ పనివాళ్ళకూ మధ్య సహకారం. ఇలాంటి విషయం ఇస్తే సాధారణంగా కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటారు.

ఆయన కూర్చోలేదు. మిషనరీకీ భారతీయ గురువుకూ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ ఉండే బంధమే తప్ప మరేం కాదన్నారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా భారతీయుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టినవాళ్ళు ఎంతమందని అడిగారు. చివరికి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, భారత సంఘం తరతరాలు మీకు రుణపడి ఉంటుంది, కానీ మేము అడిగేది ప్రేమ, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని ముగించారు.

సభలో కొందరు కరిగిపోయారు, కొందరు మండిపడ్డారు. ఆ చివరి మాట ఇప్పటికీ ప్రపంచ క్రైస్తవ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. నా మటుకు నాకు దానికి ముందు అన్న భోజనం మాటే పెద్దది. సిద్ధాంతాల్లో సమానత్వం ఒప్పుకోవడం తేలిక. విస్తరి దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఇది మన ఊళ్ళలో పుట్టిన వాళ్ళెవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ మనిషిని వదులుకోదలచలేదు. వైట్‌హెడ్ కూడా విచిత్రమైన దొరే. తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్న. పోలేరమ్మ, అంకమ్మ జాతర్ల గురించి వివరాలు సేకరించి 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద పుస్తకం వేసిన బిషప్. అజరయ్యను బిషప్ చేయాలని ఆయన పట్టుబట్టారు. తెల్ల మిషనరీల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. నల్లవాడి చేతుల మీదుగా తెల్లవాడు అభిషేకం పొందడమా అన్నది నోరు విప్పి అనని ప్రశ్న. మనవాళ్ళలోనూ గొణిగినవాళ్ళున్నారు, ఈయన కులం చూసి కొందరు, ఈయన ఎదుగుదల చూసి కొందరు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్లో పదకొండు మంది బిషప్పులు ఆయన తల మీద చేతులుంచారు. అప్పటికి వయసు 38. ఆ తర్వాత జరిగింది తెలుసుకుంటే ఆంగ్లికన్ వ్యవస్థ ఎంత నెమ్మదిగా కదిలేదో అర్థమవుతుంది. 1945లో ఆయన కన్నుమూసే దాకా, ఈ దేశంలో సొంత డయోసిస్ ఏలిన మరో భారతీయ ఆంగ్లికన్ బిషప్ లేరు. మొదటివాడు అని పొగడటం సరే, ముప్ఫై రెండేళ్ళు ఒక్కడే మిగలడం పొగడ్త కాదు.

కొల్లేటి పల్లెలు ఆయన చేతికి

మొదట్లో ఇచ్చింది చిన్న ముక్క. దోర్నకల్ చుట్టుపక్కల ప్రాంతం, కొద్దిమంది గురువులు. 1920ల తొలినాళ్ళలో డయోసిస్‌ను పెంచి కృష్ణా, గోదావరి సీమల్లోని చర్చి మిషనరీ సొసైటీ సంఘాలను, అంటే మన వాడుకలో సీఎంఎస్ సంఘాలను, ఇంకా నంద్యాల వైపు ఉన్న ఆంగ్లికన్ సంఘాలను ఆయన కింద పెట్టారు. ఏలూరు, బెజవాడ, బందరు ఇలా దోర్నకల్ బిషప్ ఏలుబడిలోకి వచ్చాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు ఆయన కింద పనిచేయాల్సి వచ్చింది. ఎడిన్‌బరోలో జీతగాడి గురించి మాట్లాడిన మనిషి, పన్నెండేళ్ళు తిరక్కుండానే దొరలకు బదిలీ ఉత్తర్వులు రాసే స్థానంలో కూర్చున్నారు.

ఆ సీఎంఎస్ పని బందరులో మొదలైంది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఓడ దిగారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగాడు, నోబుల్ బడి పెట్టాడు. నోబుల్ 1865లో బందరులోనే పోయాడు, మధ్యలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు. అతని లెక్క వేరు: పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే, వాళ్ళు మారితే, కింది కులాలు వాళ్ళ వెనకే నడుస్తాయనుకున్నాడు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. లెక్క తప్పిందని మాలపల్లెలు నిరూపించాయి. బెజవాడ దొర డార్లింగ్ దగ్గరికి రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తానే నడిచివెళ్ళి, 1859లో బాప్తిస్మం తీసుకుని, తనవాళ్ళను వెంట తెచ్చాడు. క్రైస్తవం మన జిల్లాల్లో పైనుంచి కిందికి దిగలేదు. కింద పుట్టి, ఊరి చివర నుంచి ఊళ్ళోకి చూసింది.

అజరయ్య చేతికి వచ్చింది ఇలాంటి జనం. కాటన్ ఆనకట్ట నీళ్ళు వచ్చి డెల్టా పచ్చబడ్డ మాట నిజమే, కానీ ఆ పచ్చదనం పొలమున్నవాడిది. మాల మాదిగలు ఆ పొలాల్లో పాలేర్లు. కొల్లేటి అంచున బతుకు ఇంకా కష్టం. బుడమేరు, తమ్మిలేరు పొంగితే లంక గ్రామాలు ద్వీపాలైపోతాయి, తాటి దోనె లేనిదే బయటికి రాలేరు. ఇలాంటి చోట చర్చి అంటే రాతి కట్టడం కాదు. తాటాకుల పాక, లాంతరు, ఒక పంతులు.

అజరయ్య సాధించినదంతా ఆ పంతులు మీద నిలబడింది. నన్నడిగితే ఎడిన్‌బరో ప్రసంగం కంటే, కలకత్తా అభిషేకం కంటే ఆయన చేసిన పెద్ద పని ఇదే. ప్రతి పల్లెకూ పాస్టరును పెట్టే స్తోమత లేదు. అందుకని పల్లెకో ఉపదేశి, వీలైతే భార్యాభర్తలిద్దరూ. పగలు పిల్లలకు బడి. పొద్దుగూకి పాలేర్లు పొలం నుంచి వచ్చి గంజి తాగాక, పెద్దలకు ప్రార్థన, కీర్తన, అక్షరాలు. రాత్రి ప్రార్థన తప్పకూడదన్నది దోర్నకల్ పద్ధతి. దోర్నకల్లో పెట్టిన వేదాంత పాఠశాలలో గురువు కాబోయేవాడికే కాదు, అతని భార్యకూ శిక్షణ ఉండేది. పల్లెలో ఆడవాళ్ళు నమ్మేది అమ్మగారిని, అయ్యగారిని కాదని ఆయనకు ముందే తెలుసు.

బిషప్ వస్తున్నారంటే పల్లె పొలిమేర దాకా డప్పులతో, బంతిపూల దండలతో ఎదురెళ్ళేవాళ్ళు. ఎడ్లబండి మీదో, కాలినడకనో వచ్చేవారు. కూర్చోబెట్టి నాలుగు దయ్యాల గురించి చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. పాపం గురించి పొడుగు ప్రసంగాల కంటే ఇది వినేవాళ్ళకు వెంటనే తగిలేది. నాలుగింటిలో అప్పు దయ్యం మన డెల్టాలో అన్నిటికంటే బలమైనది. పెళ్ళికి తెచ్చిన అప్పుకు కొడుకు పాలేరుగా కుదిరిన ఇళ్ళు ఎన్నో.

బాప్తిస్మం పొందిన వాళ్ళందరి చేతా తమ తల మీద తమ చేతులే ఉంచుకోమని చెప్పి, నేను క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చే పౌలు మాటను పలికించేవారు. బిషప్ చేతులుంచి పంపేది గురువులను. ఇక్కడ పాలేరు తన చేతినే తన తల మీద ఉంచుకుంటున్నాడు. పై నుంచి అధికారం అందుకున్న చర్చిలో ఇది చిన్న తిరుగుబాటు లాంటిదే.

డబ్బు సంగతి. క్రైస్తవుల దానం మీద ఆయన ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. పేదవాడికి ఇవ్వడానికేముందని అనేవాళ్ళకు ఆయన జవాబు: పేదవాడిని ఇవ్వొద్దనడమే వాడిని అవమానించడం. వంటకు బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి విడిగా కుండలో వేసే అలవాటు, కోతల వేళ కోత పండుగ, ఇవి రెండూ మన సంఘాల్లో నాటుకుపోయాయి. వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొబ్బరికాయలు తెచ్చి బల్ల ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం పాట పెట్టడం ఇప్పటికీ చూడొచ్చు. పది రూపాయల సొరకాయను పోటీపడి వెయ్యికి పాడే పెద్దమనిషిని చూసి నవ్వుకుంటాం కానీ, ఆ పాక చర్చిలను పెంకుటిళ్ళు చేసింది ఇలాంటి సొరకాయలే.

ఆయన కాలం ముగిసేసరికి డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షల పైచిలుకు, అభిషిక్తులైన భారతీయ గురువులు వందకు పైగా. 1930లలో పై కులాల రైతులు కూడా కొన్ని చోట్ల సంఘాల్లో చేరడం మొదలుపెట్టారు. నోబుల్ అనుకున్న వరస తలకిందులుగా జరిగింది. మాలపల్లెలో తాగుడు తగ్గి, పిల్లాడు చదవడం చూసి ఊళ్ళోవాళ్ళు అటు తిరిగారు.

గుడి, మసీదు, చర్చి ఒక్కచోట

దోర్నకల్లో దిగి ఎపిఫనీ కథీడ్రల్ చూసినవాళ్ళకు మొదట ఇది చర్చేనా అన్న అనుమానం వస్తుంది. గుమ్మటాలు నిజాం సీమ మసీదులను గుర్తుకు తెస్తాయి, స్తంభాలు మన దేవాలయ మండపాలను. తామరలూ శిలువా ఒకే కట్టడంలో. ఏళ్ళ తరబడి ఆగుతూ సాగుతూ కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. లండన్ నమూనా తెప్పించి గోతిక్ గోపురం కట్టడం ఆ రోజుల్లో తేలికైన దారి. ఆయన ఆ దారి పట్టలేదు.

ఇక్కడే ఒక తిరకాసు. కట్టడం భారతీయం, పాటలు తెలుగు బాణీలు, పెత్తనం మనవాళ్ళది. కానీ లోపల ఆరాధన మాత్రం ఇంగ్లండు ప్రార్థన పుస్తకమే, తెలుగులోకి దించినది. ఆ క్రమాన్ని ఆయన మనసారా ప్రేమించారు. విదేశీ పెత్తనాన్ని ఎదిరించిన మనిషి విదేశీ ఆరాధనను ఎందుకు వదల్లేదని ఆయన మీద విమర్శ. అది న్యాయమైన విమర్శే. అయితే చదువు రాని జనం, వారం వారం అవే మాటలు వింటూ కంఠస్థం చేసుకుని, ప్రార్థన తమదే అన్నంత గట్టిగా పలికారన్నదీ నిజమే.

గాంధీతో తగవు, అంబేద్కర్ ప్రశ్న

1932లో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అజరయ్య వాటిని వద్దన్నారు. సంఘం రాజకీయ వర్గంగా మారితే అది సంఘంగా మిగలదన్నది ఆయన భయం. ప్రత్యేక నియోజకవర్గాలు కూడదన్న దగ్గర గాంధీజీకీ ఆయనకూ తేడా లేదు.

తేడా మతమార్పిడి దగ్గర వచ్చింది. హరిజనులకు ఆలోచించే శక్తి లేదు, మిషనరీలు వాళ్ళ పేదరికాన్ని వాడుకుంటున్నారని గాంధీజీ వాదం. ఆ శక్తి లేదనేది ఎవరు, దాన్ని తేల్చేది ఎవరని అజరయ్య ఎదురువాదం. ఈ తగవు మీద చరిత్రకారిణి సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసిన పెద్ద పుస్తకం పేరే 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మా'. మహాత్ముడి నీడ అంత పెద్దది కాబట్టే ఈయన కనిపించకుండా పోయారని ఆ పేరు ధ్వని. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? గాంధీజీ మనసు మంచిదే, కానీ పాలేరు తరఫున తానే మాట్లాడారు. రాఘవాపురం వెంకయ్య డార్లింగ్ ఇంటికి ఎవరు పంపితే వెళ్ళలేదు. ఈ విషయంలో నా మొగ్గు బిషప్ వైపే.

అసలు దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. 1935 అక్టోబరులో యేవలలో అంబేద్కర్, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని ప్రకటించారు. ఆ రోజుల్లో అజరయ్య ఆయన్ను కలిసినప్పుడు జరిగిన సంభాషణ సంఘ చరిత్రల్లో తరచూ కనిపిస్తుంది. మేము క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండగలమా, లేక ఊరికో మిషన్‌గా మమ్మల్నీ పంచుకుంటారా అన్నది అంబేద్కర్ ప్రశ్న సారాంశం. బిషప్ దగ్గర జవాబు లేదు, సిగ్గు మాత్రం మిగిలింది. ఊరూరా చర్చిల మీద వేర్వేరు మిషన్ల పేర్లు ఉండగా ఏం చెబుతారు?

ఆ ప్రశ్న రాకముందే ఆయన దానితో కుస్తీ పడుతున్నారు. 1919 మే మొదట్లో, లూథరన్ మిషనరీలు తొలిసారి కాలుపెట్టిన తరంగంబాడిలో, అజరయ్య, ఎడ్డీ కలిసి 33 మందిని పోగుచేశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ విభజనలు మేం పుట్టించినవి కావు, వీటిని మా మీద రుద్దారు, ఇవి మాకు వద్దన్నది అక్కడి ప్రకటన సారం. ఆ తర్వాత చర్చలు ఇరవై ఎనిమిదేళ్ళు. బిషప్ చేతులుంచని పాస్టరు పాస్టరేనా, ఆయన ఇచ్చిన ప్రభు భోజనం చెల్లుతుందా అన్నవే మళ్ళీ మళ్ళీ అడ్డం. పల్లెలో ఉపదేశికి ఇవేవీ అర్థం కావు, అవసరమూ లేదు. ఇంగ్లండులో మాత్రం వీటి మీద సంపుటాలు రాశారు.

1945 జనవరి 1న దోర్నకల్లో అజరయ్య కన్నుమూశారు. ఆ నెలలోనే ఆంగ్లికన్ మహాసభ ఏకీకరణకు ఓటు వేసింది. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. ఏలూరు, బందరు సంఘాలు కృష్ణా గోదావరి డయోసిస్ అయ్యాయి, వాటికి బిషప్‌గా యెడ్డు ముత్యాలు అనే తెలుగువారు వచ్చారు. లూథరన్లు, బాప్తిస్టులు చేరలేదు. అజరయ్య సొంత డయోసిస్‌లోని నంద్యాల సంఘాల్లోనే చాలామంది మాకొద్దని విడిగా నిలిచి, 1970ల దాకా సీఎస్ఐలోకి రాలేదు. సగం గెలుపు అనాలి. సగమైనా, అంతకు ముందు బిషప్పులున్న చర్చీ, బిషప్పులు లేని చర్చీ ఇలా కలిసిపోవడం ప్రపంచంలో ఎక్కడా జరగలేదు.

కులం సంగతిలో ఆ సగం కూడా దక్కలేదు. ఒకే బల్ల దగ్గర ఒకే గిన్నె తాగాలని ఆయన పట్టుబట్టారు. ఇప్పటికీ మన ఊళ్ళు చాలావాటిలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. ప్రభుత్వమూ తన వంతు కలిపింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే పల్లెల్లో ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. అజరయ్య వద్దన్న ప్రత్యేక నియోజకవర్గం కథ వేరు, ఈ హోదా కథ వేరు. రెండిటినీ కలిపి ఆయన మీద నెట్టేవాళ్ళు చరిత్ర సరిగ్గా చదవలేదు.

ఇక పాఠకులకు ఒక మాట. నోబుల్ నుంచి మొదలుకొని దొరలు ఇంగ్లండుకు రాసిన ఉత్తరాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. బిషప్ జీవితం మీద పుస్తకాలున్నాయి. రాత్రిపూట లాంతరు పట్టుకుని పాలేర్లకు అక్షరాలు దిద్దించిన ఉపదేశుల గురించి ఎక్కడా ఏమీ లేదు. ఏలూరు, కైకలూరు, గుడివాడ పక్క పాస్టరేట్లలో పాత బాప్తిస్మ రిజిస్టర్లు, సంఘం లెక్కల పుస్తకాలు, ఫోటోలు ఇంకా ఇళ్ళలో, బీరువాల్లో ఉన్నాయి. చెద పట్టకముందే వాటిని ఫోను కెమెరాతో అయినా తీసి పెట్టండి. మీ ముత్తాతకు చదువు చెప్పిన పంతులుగారి పేరు ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసి ఉంటే, ఈ వారమే అడిగి కాగితం మీద రాయించండి.